బండిలో గ్యాస్ వాల్వు లీకు: పట్టుకోవడం, మార్చడం, బొట్టు పెట్టి చూసుకోవడం

మా ఆవిడ ముక్కు ముందు ఏ మీటరూ పనికిరాదు. సంక్రాంతి వెళ్ళిన వారానికి అందరం అరకు వెళ్ళి వచ్చాం. రాత్రి పొద్దుపోయాక విశాఖపట్నం కొమ్మాదిలో ఇంటి ముందు బండి పెట్టేసి పడుకున్నాం. తెల్లారి ఆవిడ దుప్పట్లు తీద్దామని వెనక తలుపు తెరిచి, మెట్టు మీద ఒక కాలు వేసి అలాగే ఆగిపోయింది. "ఏవండీ, గ్యాసు" అంది. నేను వెళ్ళి పీల్చాను. నాకేమీ తెలియలేదు. కరోనా వచ్చి తగ్గిన దగ్గర్నుంచి నా ముక్కు సగమే పనిచేస్తోంది. "నీ భ్రమ" అనబోయి నోరు మూసుకున్నాను. పైపు ఫిట్టరుగా 31 ఏళ్ళు చేసి రిటైరైనవాడిని. వాసన వస్తోందని ఎవరన్నా అంటే ముందు నమ్మాలి, తర్వాతే వెతకాలి.

బండి అంటే మా పాత టెంపో ట్రావెలరు. సీట్లు తీయించి, రెండు బెర్తులు, ఒక సింకు, రెండు బర్నర్ల పొయ్యి పెట్టించాం. ఆర్టీఓ ఆఫీసు చుట్టూ తిరిగి మార్పులు రాయించుకున్నాం. సిలిండరు 5 కిలోలది, డీలరు దగ్గర విడిగా అమ్మేది. ఇంటికొచ్చే 14.2 కిలోల ఎర్ర సిలిండరు ఇంటి వంటకి ఇచ్చింది, దాన్ని బండెక్కించకూడదు. సిలిండరుకి వెనక మూల బయటికి తెరుచుకునే గూడు ఉంది. అక్కణ్ణుంచి రెగ్యులేటరు, మూరెడు ఆరెంజి సురక్షా ట్యూబు, తర్వాత నేల కింద నుంచి 8 ఎంఎం రాగి పైపు, పొయ్యి కింద అరలో ఇత్తడి వాల్వు, ఆ తర్వాత పొయ్యి. మీ బండిలోనూ కొంచెం అటూ ఇటూగా ఇదే వరస ఉంటుంది. ఈ కథంతా ఆ అరలోని వాల్వు గురించి.

ముందు ఆ నిమిషంలో

ఆ పొద్దున మేం చేసింది ఇది. నేను బయటి నుంచే గూడు తెరిచి రెగ్యులేటరు స్విచ్ తిప్పబోయాను. అది ఆన్‌లోనే ఉంది! గాలికొండ వ్యూ పాయింటు దగ్గర టీ పెట్టుకుని, పొయ్యి దగ్గరి వాల్వు కట్టేసి, సిలిండరు సంగతి అందరం మర్చిపోయాం. ఘాటు రోడ్డు మలుపులన్నీ తెరిచిన సిలిండరుతోనే దిగామన్నమాట. మా మేనల్లుడు "నువ్వే కట్టావనుకున్నా మావయ్యా" అన్నాడు. వాడే కట్టాడని నేననుకున్నాను. బండి కదిలేముందు సిలిండరు దగ్గరే కట్టాలి, అదీ ఒక మనిషి బాధ్యత కావాలి. ఇద్దరి బాధ్యత అంటే ఎవరిదీ కాదు.

కట్టాక రెండు వైపులా తలుపులు బార్లా తీశాం. ఫ్యాను వెయ్యలేదు, లైటు ముట్టుకోలేదు. బండి స్టార్ట్ చేసి రోడ్డు మీదికి తీద్దామా అన్నాడు మేనల్లుడు. సెల్ఫు మోటారులో లేచే నిప్పురవ్వ కంటికి కనబడదు గానీ గ్యాసుకి అది చాలు. రిమోట్ తాళం నొక్కినా లోపల మోటార్లు తిరుగుతాయి. బ్యాటరీ టెర్మినల్ లాగేయడం ఇంకా ప్రమాదం, లాగేటప్పుడే రవ్వ వస్తుంది. ఫోన్లు కూడా గేటు బయటికి వచ్చాకే తీశాం. బండికి పదడుగుల్లో తులసి కోట ముందు దీపం వెలుగుతోంది. ఆ సంగతి నాకు తట్టనే లేదు. మా ఆవిడే వెళ్ళి దీపం కొండెక్కించి వచ్చింది.

ఎల్పీజీ గాలి కంటే బరువు, దాదాపు రెట్టింపు. పొగలా పైకి పోదు, నీళ్ళలా పల్లానికి పారుతుంది. బండి నేల మీద, బెర్తు కింద అరల్లో, మెట్టు గుంటలో చేరి కూర్చుంటుంది. అందుకే మెట్టు మీద కాలు వేసి వంగిన మనిషికి వాసన తగిలింది, నిలబడి పీల్చిన నాకు తగల్లేదు. సగం తప్పు నా ముక్కుది, సగం నా ఎత్తుది. గ్యాసు అలారం పెట్టుకునేవాళ్ళు దాన్ని జానెడు ఎత్తులోనే పెట్టాలి. పొగ అలారంలా పైకప్పుకి పెడితే అది మోగేసరికి చెవులుండవు.

ఒక చిన్న లెక్క చెబుతాను. మా బండి లోపలి జాగా సుమారు పది ఘనపు మీటర్లు. గాలిలో ఎల్పీజీ రెండు శాతం దాకా చేరితే అంటుకోవడానికి సిద్ధం. పదిలో రెండు శాతం అంటే 0.2 ఘనపు మీటరు, తూకంలో దాదాపు 420 గ్రాములు. అంటే ఒక్క 5 కిలోల సిలిండరు బండిని పదకొండుసార్లు ఆ స్థితికి తేగలదు. పైగా గ్యాసు బండంతా సమానంగా పరుచుకోదు, నేల మీదే చిక్కగా ఉంటుంది. కాబట్టి అక్కడ 420 గ్రాములు కూడా అక్కర్లేదు. ఇంట్లో వంటగదికి కిటికీలుంటాయి, తలుపు కింద సందు ఉంటుంది. బండి మాత్రం మూత పెట్టిన డబ్బా.

మా ఊళ్ళో ఇదంతా ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. 1997 సెప్టెంబరు 14, ఆదివారం పొద్దున మల్కాపురం వైపు హెచ్‌పీసీఎల్ రిఫైనరీలో లేచిన నల్ల పొగ చూసినవాళ్ళు ఇంకా ఉన్నారు. అదీ లీకైన ఎల్పీజీయే. ఆవిరి నేలబారున పాకి అంటుకుంది, 50 మందికి పైగా పోయారు. 2020 మే 7 తెల్లవారుజామున ఎల్జీ పాలిమర్స్ సంగతి వేరు, అది స్టైరీన్ అనే వేరే రసాయనం. కానీ అప్పట్నుంచీ వీధిలో ఎవరైనా "గ్యాస్ లీకు" అని అరిస్తే జనం చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెడతారు. అందుకని మీరు అరవకండి. పక్కింటివాళ్ళకి మెల్లగా చెప్పండి.

ఏది మన పని, ఏది కాదు

సిలిండరు నెత్తిన ఉండే వాల్వు మనది కాదు. దాన్ని విప్పకూడదు, బిగించకూడదు, లోపల పుల్లతో పొడవకూడదు. రెగ్యులేటరు తీసేశాక వాల్వు నోట్లో నాలుగు చుక్కల నీళ్ళు వేస్తే బుడగలు వచ్చాయా, లోపలి పిన్ను సరిగా మూసుకోలేదన్నమాట. రెగ్యులేటరు పెట్టినప్పుడు మాత్రమే లీకైతే వాషరు పోయింది. ఆ నల్ల రబ్బరు రింగునే సిలిండరు కుర్రాళ్ళు వాషరు అంటారు. రెండింట్లో ఏదైనా సరే, తాడు కట్టి ఉన్న ప్లాస్టిక్ మూత బిగించి, సిలిండరుని నిలువుగానే ఆరుబయట, మురుగు కాలవకి దూరంగా పెట్టి డీలరుకి చెప్పండి. రాత్రయినా పగలైనా 1906 పనిచేస్తుంది. రింగు మార్చడం రెండు నిమిషాల పనే, నాకూ వచ్చు. అయినా నేను చెయ్యను. నిండు సిలిండరు నోరు మన చేతిలో తెరుచుకుంటే మూసే సాధనం మన దగ్గర ఉండదు.

సిలిండరు తీసుకునేటప్పుడే మెడ దగ్గరి పట్టీ లోపలి వైపు చూడండి. ఒక అక్షరం, పక్కన రెండంకెలు ఉంటాయి. ఎ అంటే జనవరి నుంచి మార్చి, బి అంటే జూన్ దాకా, సి అంటే సెప్టెంబరు దాకా, డి అంటే డిసెంబరు దాకా. అంకెలు సంవత్సరం. ఆ గడువు దాటిన సిలిండరుని పరీక్షకి పంపాలి, మనకి ఇవ్వకూడదు. గడువు దాటింది వస్తే వెనక్కిచ్చేయండి, మొహమాటం వద్దు.

రెగ్యులేటరు దాటాక ఉన్నదంతా మన పని. అక్కడ ఒత్తిడి తక్కువ, సిలిండరు కట్టేస్తే మిగిలేది పైపులో ఉన్న గుక్కెడు గ్యాసే. కానీ ఒక్క మాట. రాగి పైపు ఫ్లేరు చేయడం, అంటే చివరని గంటలా విచ్చుకునేలా చేయడం, మరలకి టేపు చుట్టడం ఇంతకు ముందు ఎప్పుడూ చెయ్యకపోతే, లీకు ఎక్కడో పట్టుకునేంత వరకు మీరు చేసి, మార్చే పని తెలిసినవాడి చేత చేయించండి. చివరి పరీక్ష మాత్రం మీ చేత్తో, మీ కళ్ళతో చూసుకోండి.

నేను చేసిన తప్పు పని

ఆ రోజు మధ్యాహ్నం, బండి బాగా గాలాడాక, సబ్బు నీళ్ళు కలిపాను. గిన్నెలు తోమే లిక్విడు ఒక చెంచా, నీళ్ళు ఒక గ్లాసు, పాత షేవింగ్ బ్రష్షు. బాత్రూం కడిగే మందులు, అమోనియా వాసన వేసేవి వాడొద్దు, అమోనియాకి ఇత్తడి చీలుతుంది. అగ్గిపుల్ల వెలిగించి లీకు వెతికేవాళ్ళు ఇంకా ఉన్నారని విన్నాను. వాళ్ళకి నేను చెప్పగలిగింది ఏమీ లేదు.

పొయ్యి బర్నర్లు కట్టి ఉంచి, అరలోని వాల్వు తెరిచి, సిలిండరు ఆన్ చేసి, రెగ్యులేటరు దగ్గర్నుంచి మొదలుపెట్టి ఒక్కో అతుకుకీ సబ్బు నీళ్ళు పూసుకుంటూ వచ్చాను. ట్యూబు చివర్లు, క్లిప్పులు, నేల కింద జాయింటు అన్నీ శుభ్రంగా ఉన్నాయి. అరలో వాల్వుకి ముందున్న ఫ్లేరు నట్టు దగ్గర మాత్రం ఆవగింజలంత బుడగలు వరసగా లేచాయి. దొరికింది దొంగ అనుకున్నాను. సిలిండరు కట్టి, స్పానరు పెట్టి పావు చుట్టు బిగించాను. మళ్ళీ పూస్తే బుడగల్లేవు. టవల్ భుజాన వేసుకుని లోపలికి వెళ్ళి భోంచేశాను.

మర్నాడు ఆవిడ మళ్ళీ మెట్టు మీద ఆగింది.

ఈసారి చిన్న టార్చి తీసుకుని అరలో తల పెట్టి కూర్చున్నాను. టార్చిని బండి బయటే వెలిగించి తెచ్చాను, లోపల స్విచ్ నొక్కలేదు. నట్టు దగ్గర బుడగలు రెండో రోజుకి మళ్ళీ వచ్చాయి, ముందుకంటే పెద్దవి. అంతకంటే ముఖ్యం, వాల్వు పిడి కింద, పిడిని పట్టుకున్న నట్టు చుట్టూ, ఒక నురగ ముద్ద పెసరగింజంత ఉన్నది శనగగింజంతయి, పగిలి, మళ్ళీ మొదలైంది. ఒక్కో ముద్దకి నిమిషం పైనే పట్టింది. మొదటి రోజు నేను పూసి, పది సెకన్లు చూసి, పక్కకి జరిగిపోయాను. నెమ్మదిగా కారే చోట పది సెకన్లలో ఏమీ కనబడదు. పూసిన ప్రతి చోటా రెండు నిమిషాలు కళ్ళప్పగించి చూడాలి. వాల్వు తెరిచినప్పుడు ఒకసారి, మూసినప్పుడు ఒకసారి, పిడిని అటూ ఇటూ కదుపుతూ ఒకసారి.

నట్టు కథ ఏమిటంటే, ఫ్లేరు జాయింటు బిగువుతో ఆగేది కాదు. పైపు చివర గంటలా విచ్చుకుని, ఇత్తడి శంకువు మీద అంటుకుని కూర్చుంటుంది. 45 డిగ్రీల వాలు మీద రాగి, ఇత్తడి ఒకదానికొకటి అద్దినట్టు కూర్చోవాలి. ఘాటు రోడ్డు కుదుపులకి కొంచెం సడలి ఉంది. నేను దాన్ని నలిపి పిండేశాను. విప్పి చూస్తే గంట అంచు ఒకచోట కాగితంలా పలచబడి, వెంట్రుకవాసి చీలిక కనిపించింది. 31 ఏళ్ళు కుర్రాళ్ళకి "లీకైతే బిగించెయ్యకు, విప్పి చూడు" అని చెప్పినవాడినే. మన బండి, మన గ్యాసు అనేసరికి చెయ్యి ముందు వెళ్ళిపోతుంది.

వాల్వు ఎందుకు కారింది

విప్పిన వాల్వు జేబులో వేసుకుని గాజువాక ఆటోనగర్ వెళ్ళాను. అక్కడ నాకు తెలిసిన ఫిట్టింగుల కొట్టతను దాన్ని చేత్తో తిప్పి చూసి, "ఏటి గురువుగారూ, గ్యాసుకి నీళ్ళ వాల్వు ఎట్టేశారేటి?" అన్నాడు. నా మొహం మాడిపోయింది. బండి కట్టినవాడు పెట్టాడు, మూడేళ్ళుగా నేను చూడలేదు.

రెండూ ఇత్తడివే, రెండూ పావు తిప్పుడు బాల్ వాల్వులే. తేడా లోపలి రబ్బరులో ఉంది. నీళ్ళ వాల్వుల్లో పిడి కాడ చుట్టూ ఉండే రింగు చాలాసార్లు ఈపీడీఎం రబ్బరుది. నీళ్ళకి, వేడికి మేలైనది. ఎల్పీజీ తగిలితే అది ఉబ్బి మెత్తబడుతుంది. గ్యాసు వాల్వులో నైట్రైల్ రబ్బరు ఉంటుంది, దానికి గ్యాసు, నూనె పడతాయి. ఆరెంజి సురక్షా ట్యూబు ఉండగా మామూలు రబ్బరు గొట్టం ఎందుకు వద్దంటారో, ఇదీ అందుకే. కొట్టతను ఆ రింగుని సూదితో బయటికి లాగి నా అరచేతిలో పెట్టాడు. వానకి నానిన అప్పడంలా ఉంది. గోరు పెడితే గుంట పడింది.

కొత్త వాల్వు కొనేటప్పుడు పిడి పసుపు రంగుదేనా అని చూడటం ఒక్కటే చాలదు. రంగు ఎవడైనా వేస్తాడు. వాల్వు ఒంటి మీద గ్యాసుకని అచ్చు ఉండాలి. కొట్లో "గ్యాసు వాల్వు" అని గట్టిగా అడగండి, బిల్లు మీద రాయించండి. అమెరికా వాళ్ళ పెద్ద క్యాంపర్ వ్యాన్ల వీడియోలు చూసి వాటి వాల్వులు ఆన్‌లైన్లో తెప్పిద్దామనుకునేవాళ్ళకి ఒక మాట. వాళ్ళది దాదాపు పూర్తి ప్రొపేను, మనది ప్రొపేను, బ్యూటేను కలిపిన ఎల్పీజీ. వాళ్ళ సిలిండరు నోరు, మర కొలతలు వేరు, మన రెగ్యులేటరు దానికి కూర్చోదు. ఊళ్ళో దొరికే మరలతోనే చేయించుకోండి. రేపు పాడేరు దారిలో ఏదైనా పోతే నర్సీపట్నంలోనైనా దొరకాలి.

పాత వాల్వుకే రింగు మారిస్తే పోదా అని అడిగాడు మేనల్లుడు. పోదు. బాల్ వాల్వు విప్పి కట్టే వస్తువు కాదు, పోతే మార్చేదే. పాత రకం చక్రం పిడి వాల్వులుంటాయి, వాటికి కాడ దగ్గర గ్లాండు నట్టు ఉంటుంది. వాటినైతే కొద్దిగా బిగించి చూడొచ్చు. అప్పటికీ ఆగకపోతే వాటినీ మార్చడమే. ఇక ఎంసీల్ ముద్ద పెట్టడం, ఫెవిక్విక్ పోయడం, సైకిల్ ట్యూబు చుట్టడం లాంటివి గ్యాసు దగ్గర చెయ్యకండి. అవి నీళ్ళ ట్యాంకు తెలివితేటలు.

మార్చడం

సిలిండరు కట్టి, రెగ్యులేటరు ఊడదీసి, మూత పెట్టి, సిలిండరుని బండిలోంచి దించేయండి. గూట్లో ఉంచి పక్కన పని చెయ్యొద్దు. బండి ఆరుబయట, తలుపులన్నీ తెరిచి ఉండాలి. పైపులో మిగిలిన గ్యాసు కోసం పొయ్యి నాబ్ వెలిగించకుండా తెరిచి అరగంట వదిలేయండి. సాయంత్రం సముద్రం గాలి మొదలయ్యాక ఈ పని పెట్టుకున్నాను నేను.

ఎప్పుడూ రెండు స్పానర్లు. ఒకటి వాల్వు ఒంటిని పట్టుకోవడానికి, ఒకటి నట్టు తిప్పడానికి. ఒక్కదానితో లాగితే రాగి పైపు మెలిపడుతుంది. అప్పుడు ఒక లీకు పోయి రెండొస్తాయి. స్క్రూ స్పానరు వద్దు, జారి ఇత్తడి మూలలు అరిగిపోతాయి. సైజు స్పానర్లే వాడండి.

చీలిన పైపు చివర అంగుళం కోసేశాను. హాక్సా బ్లేడుతో కాదు, పైపు కట్టరుతో, కొంచెం కొంచెం బిగిస్తూ గుండ్రంగా తిప్పి. బ్లేడుతో కోస్తే అంచు వంకర, లోపలికి రాగి పొడి. కోశాక లోపలి గరుకుని గీకేసి, పైపు నోరు కిందికి పెట్టి తట్టాలి, పొడి కిందికి రాలిపోవాలి. తర్వాత నట్టుని ముందు పైపుకి ఎక్కించాలి. నవ్వకండి. ఇన్నేళ్ళ అనుభవంలో ఎంత మంచి ఫిట్టరైనా వారానికోసారి చక్కగా ఫ్లేరు చేసి, ఆపైన నట్టు పక్కనే బల్ల మీద ఉందని చూసుకుని తల పట్టుకున్నవాడే. నేనూ ఆ రోజు పట్టుకున్నాను. మళ్ళీ అర అంగుళం కొయ్యాల్సి వచ్చింది.

ఫ్లేరు మీద టేపు వెయ్యొద్దు. ఏ పేస్టూ వద్దు. లోహానికి లోహం అంటుకోవాల్సిన చోట మధ్యలో ఏది పెట్టినా లీకే. నట్టు వెనక వీపుకి మాత్రం చుక్క నూనె రాశాను, బిగించేటప్పుడు పైపు దానితోబాటు తిరగకుండా. చేత్తో చివరిదాకా బిగించి, తర్వాత స్పానరుతో గట్టిగా తగిలేదాకా, ఆపైన ఇంకొక్క చిన్న తోపు. అంతే.

వాల్వుకి రెండు వైపులా అడాప్టర్లు మర మీద ఎక్కేవి ఉంటాయి. అక్కడ టేపు కావాలి. నల్లాకి చుట్టే తెల్లటి పలచ టేపు కాదు, గ్యాసుకని అమ్మే దళసరి పసుపు టేపు. మర చివర మీ మొహం వైపు పెట్టుకుని గడియారం ముల్లు తిరిగే వైపు చుట్టాలి, అప్పుడే బిగించేటప్పుడు ఊడిపోదు. మొదటి మరని వదిలేసి రెండో మర దగ్గర మొదలుపెట్టండి. లేకపోతే చివర టేపు చిరిగి లోపలికి పోయి పొయ్యి జెట్టులో ఇరుక్కుంటుంది. ఆ జెట్టు రంధ్రం గుండుసూది మొన కంటే పెద్దదేమీ కాదు. బిగించాక సరిపోకపోతే, వెనక్కి తిప్పి సర్దకూడదు. ఊడదీసి కొత్త టేపు వేసి మళ్ళీ మొదలు.

బిగించేశాక పైపుని అర గోడకి రబ్బరు క్లిప్పుతో పట్టించాను. వాల్వు పైపు మీద వేలాడకూడదు, గోడని పట్టుకుని ఉండాలి. కుదుపుకి రాగి గట్టిపడి పెళుసెక్కుతుంది. మా ఫ్లేరు సడలడానికి అదే మొదటి కారణం.

బొట్టు పరీక్ష

సబ్బు నీళ్ళు లీకు ఎక్కడో చెబుతాయి. అసలు లీకు ఉందా లేదా అన్నది అవి చెప్పలేవు, మీరు పూయని చోట ఉంటే మీకు తెలియదు కాబట్టి. దానికి నీటి గొట్టం కావాలి. తాపీ మేస్త్రీలు లెవెల్ చూసే తెల్ల పైపు ఉంటుంది కదా, అదే, మూడు మీటర్లు. దాన్ని ఒక చెక్క పట్టీకి ‘యు’ ఆకారంలో కట్టాను, ఒక్కో కాలు ముప్పావు మీటరు. సగం దాకా నీళ్ళు, కనబడటానికి చిటికెడు కుంకుమ. ఒక చివర గాలికి, బండి కిటికీ బయటికి. రెండో చివర పొయ్యికి ముందు వేయించిన టీ ముక్కకి, అంటే మూడు నోళ్ళ అతుకుకి. ఈ టీకి మామూలు రోజుల్లో ప్లగ్గు ఉంటుంది, పరీక్ష రోజున ప్లగ్గు తీసి ట్యూబు నాజిల్ బిగిస్తాను.

మన రెగ్యులేటరు వదిలే ఒత్తిడి 30 గ్రాములు, చదరపు సెంటీమీటరుకి. అంటే సరిగ్గా 30 సెంటీమీటర్ల నీటి ఎత్తు. అమెరికా వాళ్ళు 11 అంగుళాలంటారు, దాదాపు అదే. సిలిండరు తెరవగానే నీళ్ళు ఒక కాలులో దిగి రెండో కాలులో లేస్తాయి. రెండు మట్టాల మధ్య తేడా 30 చుట్టుపక్కల రావాలి, పొయ్యి ఆపి ఉంటే కొంచెం ఎక్కువే చూపిస్తుంది. ఇది చూసినప్పుడల్లా నాకు మా పోర్టు పక్క కొండ గుర్తొస్తుంది. అక్కడ రాతిని తొలిచి, సముద్ర మట్టానికి బాగా కింద, 60,000 టన్నుల ఎల్పీజీ దాస్తున్నారు, 2007 నుంచి. ఆ గుహకి ఇనుప తొడుగేమీ లేదు. చుట్టూ రాతి పగుళ్ళలో ఉన్న నీటి ఒత్తిడే గ్యాసుని బయటికి రానివ్వదు. అక్కడ కాపలా నీళ్ళదే, ఇక్కడ సాక్ష్యమూ నీళ్ళదే.

ఇప్పుడు సిలిండరు కట్టేయండి. కానీ మట్టం అలాగే 30 మీద వదిలి చూడకండి. రెగ్యులేటరు స్విచ్ లోపల సన్నగా వదులుతూ ఉంటే, లీకయ్యే గ్యాసుని అది నింపుతూ ఉంటుంది, మట్టం కదలదు, మీరు మోసపోతారు. పొయ్యి నాబ్ రెప్పపాటు తెరిచి మూసి, తేడాని 20కి దించండి. అప్పుడు గాలికి తెరిచి ఉన్న కాలులో నీటి మట్టం దగ్గర గుర్తు పెట్టాలి. పెన్ను గుర్తు గొట్టం మీద నిలవలేదు. మా ఆవిడ నుదుటి మీది స్టిక్కరు తీసి అంటించింది.

పది నిమిషాలు. నీళ్ళు బొట్టు కిందికి దిగితే పైపులో ఎక్కడో లీకు. బొట్టు పైకి లేస్తే సిలిండరు వైపు నుంచి వదులుతోంది, రెగ్యులేటరు మార్చాలి. ఎండలో ఈ పరీక్ష చెయ్యొద్దు. పైపు ఒక్క డిగ్రీ వేడెక్కితే చాలు, మట్టం మూడు సెంటీమీటర్ల దాకా కదులుతుంది. లీకున్నా వేడికి అది కనబడదు, మబ్బు పట్టి చల్లబడితే లేని లీకు కనబడుతుంది. పొద్దు వాలాక, నీడలో చెయ్యండి.

నా మొదటి పరీక్షలో పది నిమిషాలకి సెంటీమీటరు దిగింది. కొత్త వాల్వు, కొత్త ఫ్లేరు, అయినా దిగింది! టెన్షన్ మొదలైంది. సబ్బు నీళ్ళతో గంట సేపు వెతికితే, పరీక్ష కోసం నేను పెట్టిన నాజిల్ మర దగ్గరే దొరికింది. ఒక చుట్టు టేపు తక్కువ వేశాను. అది సరిచేసి మళ్ళీ చూస్తే, పది నిమిషాలు, ఇరవై నిమిషాలు, నీళ్ళు బొట్టు అంచునే నిలబడ్డాయి. చివరికి నాజిల్ తీసి ప్లగ్గు పెట్టాక ఆ ప్లగ్గుకి కూడా సబ్బు నీళ్ళు పూసి చూడటం మర్చిపోకండి. చూశాక మంచి నీళ్ళతో కడిగి గుడ్డతో తుడిచేయండి.

ఇంటి ముందు నిలబడ్డ బండిలో లీకు లేకపోవడం సగం సంగతే. ఆ ఆదివారం సిలిండరు కట్టేసి ఖాళీ బండిని తీసుకెళ్ళి అనంతగిరి ఘాటు ఎక్కి దిగి వచ్చాం. సాయంత్రం మళ్ళీ గొట్టం కట్టి, మళ్ళీ పది నిమిషాలు చూశాం. కొత్త ఫ్లేరు జాయింట్లని మొదటి కుదుపుల తర్వాత ఒకసారి తప్పక చూడాలి. ఆ తర్వాత నేను మూడు నెలలకోసారి చూస్తున్నాను. సముద్రానికి ఇంత దగ్గరలో ఉన్నాక ఉప్పు గాలికి ఇత్తడి మీద పచ్చ చిలుము పడుతుంది, క్లిప్పుల స్క్రూలు తుప్పు పట్టి విరుగుతాయి. స్టీలు క్లిప్పులు వేసుకోండి. సురక్షా ట్యూబు మీద అచ్చువేసిన తేదీ చూసి, అయిదేళ్ళకి బాగున్నా మార్చేయండి.

ఇప్పుడు సిలిండరు కట్టే బాధ్యత మా మేనల్లుడిది. కట్టాక గూడు తాళం చెవి తెచ్చి వాళ్ళత్తకి ఇస్తేగానీ ఆవిడ బండెక్కదు. చెక్క పట్టీ, గొట్టం బెర్తు కింద ఉంటాయి. మొన్న తీసి చూస్తే నీళ్ళు ఆరిపోయాయి గానీ బొట్టు అలాగే ఉంది.